మా బాయిలర్ మీది మూడు పుంజులు

బాయిలర్ అటెండెంట్ పరీక్ష పాసై, కొత్త సర్టిఫికెట్ చేతపట్టుకుని ఏ రైస్ మిల్లుకో దవాఖానకో పోతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను ముప్ఫై ఆరేళ్లు ఆవిరి పక్కన నిలబడ్డాను. మొదటి పదకొండేళ్లు నర్సంపేట రోడ్డులో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో, మిగిలిన కాలమంతా హనుమకొండలో ఒక దవాఖాన లాండ్రీలో. ఏ ఏడు ఏ గ్రేడు వచ్చింది, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు అన్నవి మీకు పనికిరావు, నాకూ సరిగా గుర్తులేవు. గుర్తున్నది ఒక ఇత్తడి కాక్, దాన్ని నేను తిప్పిన తీరు, ఆ తర్వాత నేనాడిన అబద్ధం. నాకు వచ్చిన పనంతా అక్కడి నుంచే మొదలైంది కాబట్టి అదే చెబుతాను.

మామ నేర్పిన శాస్త్రం

మన పనిలో కాక్ అనే మాట రోజుకు నలభైసార్లు నోట్లోంచి వస్తుంది. స్టాప్ కాక్, బిబ్ కాక్, బాల్ కాక్, డ్రెయిన్ కాక్, గేజ్ కాక్. షాపుకు పోయి అడిగితే ఇచ్చేస్తారు. ఇంగ్లిషులో ఆ మాటకు కోడిపుంజు అని అర్థమని నాకు మా వర్ధన్నపేట బడిలోనే తెలుసు. గోడ మీది బొమ్మల చార్టులో ఎర్ర తురాయి పెట్టుకుని నిలబడి ఉండేది. నల్లాకూ పుంజుకూ ఏం చుట్టరికమో మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

బడి మానేశాక మా మేనమామ వెంట రెండేళ్లు తిరిగాను. ఆయన చర్చి కాంపౌండు ఇళ్లల్లో నల్లాలు, గొట్టాలు బిగించేవాడు. ఆయన నాకు నేర్పిన శాస్త్రమంతా ఒక్క ముక్క. పిడి గొట్టం పొడవునా ఉంటే కాక్ తెరిచి ఉన్నట్టు, గొట్టానికి అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్టు. ఏ ఇంటికి పోయినా ఆ ముక్క అబద్ధం కాలేదు. రెండేళ్లకు నేను పెద్ద మేస్త్రీనైపోయానని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే మిల్లులో చేరాను.

ఖాజా ఉస్తాద్

మిల్లు బాయిలర్ ఖాజా ఉస్తాద్ చేతిలో ఉండేది. బక్కపలచటి మనిషి. ఊక బూడిద, చింతపండు పిప్పి కలిపి బాయిలర్ మీది ఇత్తడినంతా వారానికోసారి తోమేవాడు. గేజ్‌కు వీపు పెట్టి కూర్చోవడం ఆయన ఎరగడు. చాయ్ తాగుతున్నా, సావుకారితో మాట్లాడుతున్నా ముఖం మాత్రం అటే ఉండేది.

గేజ్ అంటే తెలియని ఇంటివాళ్లు కూడా ఇది చదవొచ్చు కాబట్టి ఒక మాట. బాయిలర్ లోపల నీళ్లు ఎంతవరకు ఉన్నాయో బయటికి కనబడేందుకు ఒక గాజు గొట్టం నిలువుగా బిగించి ఉంటుంది. దాని పై కొసకు ఆవిరి వచ్చే కాక్, కింది కొసకు నీళ్లు వచ్చే కాక్. ఆ రెండూ తెరిచి ఉన్నంతసేపూ లోపల ఎన్ని నీళ్లున్నాయో గాజులోనూ అన్నే కనబడతాయి. నీళ్లు తగ్గితే బాయిలర్ రేకు ఎర్రగా కాలిపోతుంది, ఆ తర్వాత అది పేలుతుందా లేదా అన్నది మన చేతుల్లో ఉండదు. అందుకే గాజు పక్కనే ఒకదాని కింద ఒకటిగా మూడు టెస్ట్ కాక్‌లు ఉంటాయి. విప్పి చూస్తే నీళ్ల మట్టానికి పైనున్నది ఆవిరి చిమ్ముతుంది, కిందున్నది నీళ్లు కక్కుతుంది. మా పాత బాయిలర్‌కు గాజు ఒక్కటే ఉండేది కాబట్టి ఉస్తాద్ గంటకోసారి ఆ మూడూ విప్పి వినేవాడు. పుంజులను లేపడం అనేవాడు దాన్ని. ఆవిరి పొడిగా కీచుమంటే మిల్లు గేటు దాకా వినబడేది.

"గాజుల నీళ్లు కనబడ్తనే ఉన్నయి గద ఉస్తాద్, మళ్ల ఇవెందుకు?" అని చేరిన కొత్తలో అడిగాను.

"గాజు సూపెడ్తది, పుంజు చెప్తది. సూపెట్టేది ఒక్కోపాలి మోసం చేస్తది బేటా. కూసేది చెయ్యది."

"దీన్ని కాక్ అని ఎందుకంటరు మరి?"

"కూస్తది గనక. ఇంగ్లీషోళ్లు ఇన్నరు, పేరు పెట్టిన్రు."

నేను నమ్మేశాను. ఆయన ఏం చెప్పినా నమ్మేవాణ్ని. కానీ ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా, ఉస్తాద్‌లో ఒక లోపం ఉండేది. ఏం చేయాలో చెప్పేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు. అడిగితే చెప్పేవాడు. అడగాలని తెలియని వాడికి ఏమీ దక్కేది కాదు.

తిప్పకూడనిది తిప్పాను

యాసంగి వడ్లు వస్తున్న రోజులు. మిల్లు కళ్లంలో పన్నెండు మంది ఆడవాళ్లు ఉడికిన వడ్లు ఆరబోసి కాళ్లతో తిరగేస్తున్నారు. వాళ్ల పెద్ద ఎల్లమ్మ. బాయిలర్ గోడకు వాళ్లు ఇరవై అడుగుల దూరంలో కూడా లేరు.

మధ్యాహ్నం బాయిలర్‌కు నీళ్లు పంపే పంపు కారడం మొదలుపెట్టింది. ఉస్తాద్ గాజు చూశాడు. ముప్పావు నీళ్లున్నాయి. పంపు ఆపి, దాన్ని విప్పుకుని కింద కూర్చుంటూ నన్ను గేజ్ ముందు స్టూలు మీద కూర్చోబెట్టాడు. "నీళ్లు సగానికి దిగితే పిలువు" అన్నాడు.

అంత దగ్గరగా గేజ్ ముందు కూర్చోవడం అదే మొదటిసారి. చూస్తూ చూస్తూ ఉంటే నాకు ఒక తప్పు కనబడింది. కింది కాక్ గొట్టం అడ్డంగా బాయిలర్‌లోకి పోతోంది, దాని పిడి మాత్రం కిందికి వేలాడుతోంది. అంటే గొట్టానికి అడ్డం. అంటే మూసి ఉంది. పొద్దున పరీక్ష చేసి ఉస్తాద్ తెరవడం మరిచిపోయాడన్నమాట. అంతటి ఉస్తాద్ తప్పు పట్టానని నాకు లోపల్లోపల సంబరమైంది. ముందు సరిచేసి, తర్వాత మెల్లగా చెబితే భుజం తడతాడనుకున్నాను. పిడి వేడిగా ఉంది. జేబులోని గుడ్డ దాని చుట్టూ వేసి, గొట్టం పొడవునా వచ్చేదాకా తిప్పాను. పై కాక్ పిడి కూడా అలాగే వేలాడుతోంది. దాన్ని అందుకుందామని స్టూలెక్కబోతుంటే పొయ్యిలో ఊక పోసేవాడు తొట్టి బిగుసుకుపోయిందని కేక వేశాడు. గుడ్డ అక్కడే వదిలేసి వెళ్లాను. కర్రతో పొడిచి, ఊక కదిలించి వచ్చేసరికి చాలాసేపే పట్టింది.

"నీళ్లెట్లున్నయి?" పంపు దగ్గర నుంచి ఉస్తాద్ అడిగాడు.

"మంచిగున్నయి ఉస్తాద్. ముప్పావు."

నిజంగానే ముప్పావు ఉన్నాయి. ఇంకాస్త పెరిగినట్టు కూడా ఉన్నాయి. ఆయన తొందరపడకుండా పని ముగించాడు. చేతులు తుడుచుకుంటూ లేచి, అక్కడి నుంచే గాజు వైపు చూసి ఆగిపోయాడు.

"నీళ్లు ఆడ్తలేవు" అన్నాడు.

ఆ తర్వాత ఎన్ని బాయిలర్‌లు చూశానో, ప్రతి గాజులోనూ నేను మొదట చూసేది అదే. బతికున్న గాజులో నీళ్లు ఒక్క క్షణం నిలకడగా ఉండవు, సన్నగా వణుకుతుంటాయి. ఆ రోజు మా గాజులో నీళ్లు సీసాలో పోసి మూత పెట్టినట్టు నిలబడి ఉన్నాయి.

ఉస్తాద్ పై టెస్ట్ కాక్ విప్పాడు. ఆవిరి. నడిమిది విప్పాడు. ఆవిరి. అన్నిటికన్నా కిందిది విప్పాడు. అది నీళ్లు కక్కాల్సింది, పొడిగా కీచుమని అరిచింది. నా జీవితంలో అంత భయంకరమైన కూత నేను వినలేదు.

"కళ్లంల ఉన్నోళ్లందర్ని గేటు బయటికి తోలు. ఉరుకు."

నేను పరిగెత్తాను. "ఏమైందిరా, ఈ వడ్లు తిరగేసుడు కాలేదు" అంటోంది ఎల్లమ్మ. నేను ఆమె చేయి పట్టుకుని లాగాను. "అమ్మా, జల్ది నడువుండ్రి, బాయిలర్ల నీళ్లు లెవ్వు" అన్నాను. ఇంకేమీ అడగకుండా అందరూ రోడ్డు మీదికి పోయి ఒక లారీ నీడన నిలబడ్డారు.

నేను తిరిగి వచ్చేసరికి ఉస్తాద్ గాలి తలుపు మూసేసి, మండుతున్న ఊకను బయటికి లాగుతున్నాడు. పంపు జోలికి పోలేదు. భయంతో పంపు వేసేవాళ్లున్నారు, ఎర్రగా కాలిన రేకు మీద చల్లటి నీళ్లు పడితే అంతే సంగతులు. మంట చచ్చాక ఆయన గేజ్ దగ్గరికి పోయి, అడ్డంగా ఉన్న కింది పిడిని టక్కున కిందికి దించాడు. గాజులో ముప్పావు వరకు ఉన్న నీళ్లు ఒక్కసారిగా మాయమయ్యాయి.

అప్పుడు అర్థమైంది. నేను తెరిచాననుకుని మూసేశాను. లోపల నీళ్లు దిగిపోతూ ఉంటే నేను చూస్తూ కూర్చున్నది గాజులో ఇరుక్కుపోయిన నీళ్లను. మా మామ శాస్త్రం ఇంటి నల్లాకు నూటికి నూరుపాళ్లు నిజం. గేజ్ కాక్‌కు మాత్రం తలకిందులు.

నేను ముట్టలేదు సార్

బాయిలర్ పేలలేదు. రెండు ట్యూబులు వదులై కారాయి, అంతే. నాలుగు రోజులు మిల్లు ఆగింది, తొట్లలో నానబెట్టిన వడ్లు కంపు కొట్టాయి, సావుకారి అరుపులు వీధి చివరి దాకా వినబడ్డాయి. విచారణకు వరంగల్ నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి. అందరినీ బాయిలర్ ముందు నిలబెట్టి, నీళ్ల కాక్ ఎవరు మూశారని అడిగాడు. నా వంతు వచ్చింది.

"నేను ముట్టలేదు సార్" అన్నాను.

ఎందుకన్నానని మీరు అడగొచ్చు. భయం. ఉద్యోగం పోతుందని, పోలీసులు వస్తారని, పన్నెండు మంది ఆడవాళ్ల ముఖాలు మళ్లీ ఎలా చూడాలని. నోరు తెరిచేదాకా నిజం చెబుదామనే ఉంది. తెరిచాక వచ్చింది ఆ మాట.

ఉస్తాద్ నా వైపు చూడలేదు. "పొద్దుగాల పరీక్ష చేసినంక నేనే తెర్వ మర్చిపోయిన కావొచ్చు సార్. డ్యూటీ నాది" అన్నాడు. ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. ఉస్తాద్ సర్టిఫికెట్‌ను ఆరు నెలలు పక్కన పెట్టారు. తొర్రూరు నుంచి ఇంకో అటెండెంట్ వచ్చాడు. సావుకారి నోటి దురుసు మనిషే కానీ ఉస్తాద్‌ను వెళ్లగొట్టలేదు, ఊక మోసే పనిలో ఉంచాడు. అందుకు ఆయనకు ఇప్పటికీ నేను రుణపడి ఉన్నాను.

ఇరవై ఏళ్లు ఏలిన బాయిలర్ ముందు ఉస్తాద్ గంపతో ఊక మోశాడు. అయినా పని అయ్యాక నన్ను కూర్చోబెట్టి కాక్‌ల గురించి చెప్పేవాడు, ఈసారి ఎందుకో కూడా కలిపి. కాక్ లోపల తిరిగే బిరడా తల చతురస్రంగా ఉంటుంది, పిడి దాని మీద నాలుగు తీర్లుగా కూర్చుంటుంది, అందుకే పిడిని నమ్మకూడదు. ఆ తల మీద ఒక గాటు ఉంటుంది, లోపలి రంధ్రం ఎటుందో గాటు అటే ఉంటుంది. గేజ్ కాక్ పిడి కిందికి వేలాడుతున్నప్పుడే తెరిచి ఉండేలా ఎందుకు చేశారంటే, బాయిలర్ అదురుకు వదులైనా పిడి తన బరువుకు తానే కిందికి పడుతుంది, దారి మూసుకోదు. "కండ్లు మూసుకో. గాటు ఎటుంది?" అని అడిగేవాడు. నేను బొటనవేలితో తడిమి చెప్పేవాణ్ని. ఆ రోజు సంగతి మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. అడిగి తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

రత్నం టీచరమ్మ పుస్తకం

మా చర్చిలో రత్నం టీచరమ్మ అని ఉండేది. మిషన్ బడిలో ఇంగ్లిష్ చెప్పి రిటైరైంది. ఇంట్లో దిండంత నిఘంటువు ఉండేది. ఉస్తాద్ ఊక మోస్తున్న నాలుగో నెలలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెను అడిగాను, నల్లాను కాక్ అని ఎందుకంటారని. నా తలలో అప్పుడు ఆ ఇత్తడి ముక్క తప్ప ఇంకేమీ లేదు.

ఆమెకు అలాంటి ప్రశ్న అంటే పండగే. కళ్లద్దాలు పెట్టుకుని పుస్తకం ఒళ్లో పెట్టుకుంది.

"పిట్ట పేరు దాని కూతలకెల్లి వచ్చిందిరా. మనం కొక్కొరొకో అంటం, సంస్కృతంల కుక్కుటం, ఇంగ్లీషుల కాక్. ఎవరికి వాళ్లు కోడిని ఇని పెట్టుకున్న పేర్లు."

"మరి నల్లాకు?"

"గట్టిగ ఎవరికి తెల్వదట. పాతకాలం నల్లా పిడి పుంజు తురాయి లెక్క ఉండేదని ఒక ఊహ. జర్మన్ వాళ్లు గూడ పుంజుకు, నల్లాకు ఒక్కటే మాట వాడ్తరు."

అక్కడితో ఆగలేదు. పాత తుపాకీలో రాయిని కొట్టే సుత్తి ముక్కుతో పొడిచే పుంజు తలలా ఉండేదట, అందుకే దాన్ని వెనక్కి లాగడానికీ అదే మాట. విమానం నడిపేవాడు కూర్చునే చోటును కాక్‌పిట్ అంటారు కదా, ఆ పేరు మొదట కోడిపందేల గుంటదట. లండన్‌లో ఒక పేటవాళ్లను పిలిచే కాక్నీ అనే మాటకు మూలం పుంజు పెట్టిన గుడ్డట. బొద్దింక ఇంగ్లిష్ పేరు కాక్‌రోచ్ మాత్రం స్పెయిన్ నుంచి వచ్చి ఈ వేషం కట్టిందట, పుంజుతో దానికి ఏ సంబంధమూ లేదు. "ఇంకో అర్థం ఉంది, అది నీకు అక్కెర లేదు" అని ఒక పేజీ గబుక్కున తిప్పేసింది.

"గోపురం మీద గాలికి తిరిగే ఇనుప పుంజు ఉంటది చూడు, కొన్ని దేశాల చర్చీల మీద పెడ్తరు. ఎందుకో తెల్సా? ఆయనెవరో నాకు తెల్వదు అన్న శిష్యుడు యాదికుండాలని."

ఆ బైబిలు కథ మా ఇళ్లలో ఉగ్గుపాలతో తెలిసిందే. కోడి కూయకముందే తన గురువును ఎరుగనన్నాడు, కూత విని బయటికి పోయి ఏడ్చాడు. నేను తలవంచుకున్నాను. టీచరమ్మ పుస్తకం మూసింది.

"ఏమైందిరా దేవదానం?"

"ఏం లేదు టీచరమ్మ" అని లేచి వచ్చేశాను. అదీ అబద్ధమే.

కాగితంలో ఎవరి పేరు

మర్నాడు పొద్దున ఉస్తాద్ ఊక గంప నెత్తికెత్తుకుంటుంటే దగ్గరికి పోయాను.

"ఉస్తాద్, ఆ పొద్దు కాక్ తిప్పింది నేనే."

ఆయన గంప దించలేదు. "ఎర్క" అన్నాడు.

"ఎప్పటిసంది?"

"పిడి మీద నీ గుడ్డ ఉండె. సార్ వచ్చేలోపట తీసి జేబుల పెట్టుకున్న."

"మరెందుకు చెప్పలేదు ఉస్తాద్?"

"నిన్ను గేజ్ ముంగట కూసోబెట్టింది నేను. పిడి ఎందుకు ఏలాడ్తదో చెప్పకుంట కూసోబెట్టిన. గది నా తప్పే గద." నాలుగడుగులు వేసి ఆగాడు. "కని నాకు చెప్తే ఏమొస్తది? కాయితంల నా పేరుంది. పోయి ఆ సార్‌కు చెప్పు."

మాఫ్ చేస్తాడనుకున్నాను. బస్సెక్కించాడు. ఇప్పుడు ఆలోచిస్తే, నన్ను మనిషిని చేసింది మొదటి మాట కాదు, ఆ రెండో మాట.

వరంగల్‌లో ఇన్‌స్పెక్టర్ నేను చెప్పిందంతా విన్నాడు. "అప్పుడెందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

"భయపడ్డ సార్."

"ఇప్పుడు?"

"ఇప్పుడు గూడ భయపడ్తాన సార్."

ఆయన కాగితం ముందుకు తోసి, అంతా నా చేత్తోనే రాయమన్నాడు. గుడ్డ సంగతి కూడా రాశాను. ఉస్తాద్ సర్టిఫికెట్ గడువుకన్నా ముందే తిరిగి వచ్చింది, నిజం దాచినందుకు ఒక మందలింపుతో. నేను రెండేళ్ల దాకా పరీక్షకు కూర్చోకూడదన్నారు. అది న్యాయమే.

సావుకారి మాత్రం ఊరుకోలేదు. "గీ పోరన్ని ఇయ్యాల్నే పంపియ్యి" అన్నాడు. ఉస్తాద్ ఇత్తడి తోముతూనే జవాబిచ్చాడు. "వీడు పోతే ఇంకోడు వస్తడు సావుకారి. ఆడు గూడ తిప్పుతడు. వీడు ఇగ తిప్పడు." సావుకారి గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఎల్లమ్మ మాత్రం నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక రోజు పిలిచి సద్ది పెట్టింది.

టీచరమ్మ చెప్పిందంతా ఒకసారి ఉస్తాద్‌కు విడమరిచి చెప్పాను. నల్లాకు ఆ పేరు తురాయి వల్ల వచ్చిందని, కూత వల్ల కాదని. ఆయన పకపకా నవ్వాడు. "బుక్కు రాసినోడు బాయిలర్ కాడ కూసోలే బేటా" అన్నాడు.

తర్వాత

దవాఖానలో పాతికేళ్లు పనిచేశాను. నా దగ్గరికి ఎవరు కొత్తగా వచ్చినా మొదటి రోజు పని చెప్పలేదు, పిడి ఎందుకు వేలాడుతుందో చెప్పాను. ఇప్పుడు మీకు తెర మీద అంకెలు వస్తున్నాయి, నీళ్లు తగ్గితే గంట మోగుతుంది. మంచిదే. కానీ చూపెట్టేది ఏదైనా ఒక్కోసారి బిగుసుకుపోతుంది. పక్కన కూసేది ఒకటి ఉంటుంది, రోజూ దాన్ని లేపండి. ఇంకొక మాట, తప్పు చేసినప్పుడు కాగితంలో మీ పేరు మీరే రాయించుకోండి.

మిల్లులో ఆ రెండేళ్ల గడువు తీరాక పరీక్ష రాసి పాసయ్యాను. సర్టిఫికెట్ వచ్చిన వారంలో శుక్రవారం వచ్చింది. మసీదు మిల్లు గోడకు అవతలే ఉన్నా, బాయిలర్ నడిచే రోజుల్లో ఉస్తాద్ జుమ్మా నమాజుకు పోగా నేను చూడలేదు. అప్పగించడానికి సర్టిఫికెట్ ఉన్న మనిషి ఉండేవాడు కాదు. ఆ రోజు చేతులు కడుక్కుని వచ్చి, జేబులోంచి మడత పెట్టిన గుడ్డ తీసి నా భుజం మీద వేశాడు. నాదే. ఉతికి ఉంది.

"చెయ్యి కాల్తది, ఉంచుకో" అన్నాడు.

నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, బాయిలర్‌కు వీపు తిప్పి గేటు వైపు నడిచాడు. ఆయన వీపు నేను సరిగ్గా చూసింది అప్పుడే. గేటు దాటేదాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, గాజు మసకగా కనబడింది. తుడుచుకుని చూశాను. నీళ్లు ఆడుతున్నాయి. అయినా లేచి, పైది, నడిమిది, కిందిది, మూడు టెస్ట్ కాక్‌లూ ఒకదాని తర్వాత ఒకటి విప్పాను. ఆవిరి కూసింది, చివరిది నీళ్లు కక్కింది.

నమాజు అయ్యాక ఉస్తాద్ వచ్చాడు. గేజ్ వైపు చూడలేదు, ఏమీ అడగలేదు. చాయ్ గ్లాసు నా చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు.

"మూడు గూడ ఇన్న" అన్నాడు.